పేరున్న ద్రాక్షలు.. పేరులేని తల్లులు

1395 జులై 31న ఫ్రాన్స్‌లోని బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఒక ఫర్మానా జారీ చేశాడు. తన ఏలుబడిలో గమే అనే ద్రాక్ష తీగ ఎక్కడ కనిపించినా నరికి పీకేయాలి. అది నమ్మకద్రోహి జాతి అనీ, దాని వైన్ చేదుగా ఉండి మనిషి ఒంటికి చెరుపు చేస్తుందనీ అందులో రాయించాడు. రైతుల లెక్క వేరు. గమే విరగకాస్తుంది, తొందరగా పండుతుంది. ప్లేగు వచ్చిపోయి ఊళ్లలో కూలీలు దొరకని రోజుల్లో అలాంటి తీగను ఎవరు వదులుకుంటారు? డ్యూక్ గారికి మాత్రం బర్గండీ అంటే పినో నువార్. ఆస్థానాల్లోనూ మఠాల్లోనూ దానికే మర్యాద. గమే దాని పక్కన నిలబడటానికే తగదని ఆయన తీర్పు. ఆ తీర్పును రైతులు ఎంతవరకు పట్టించుకున్నారో గానీ, తర్వాతి కాలంలో ఆయన మనవడు కూడా అదే నిషేధాన్ని మళ్లీ చాటింపు వేయించాల్సి వచ్చింది.

600 ఏళ్లు గడిచాక, 1999లో, కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లోని మాంపెలియే శాస్త్రవేత్తలు కలిసి 300కు పైగా ద్రాక్ష రకాల డీఎన్‌ఏను పోల్చి చూసి 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో తేలిందేమిటంటే, గమే పినోకు పరాయిది కాదు. దాని కన్నబిడ్డ.

అంతటితో ఆగలేదు. గమేను కన్న జంటకే పుట్టినవి మొత్తం 16 రకాలు లెక్క తేలాయి. షార్డొనే అందులో ఒకటి. ఇవాళ ప్రపంచమంతా సాగవుతున్న, బర్గండీ తెల్ల వైన్ల ప్రతిష్ఠంతా మోస్తున్న షార్డొనేకీ, ఆ నేలమీద ఉండటానికి వీల్లేదని డ్యూక్ వెళ్లగొట్టిన గమేకీ తల్లీతండ్రీ ఒకరే.

నిషేధాల నీడలో గువే

మరి పినోతో జతకట్టిన రెండోది ఎవరు? గువే బ్లాం. తెల్ల ద్రాక్ష. పులుపెక్కువ, రుచి తక్కువ, కాపు మాత్రం దండి. మధ్యయుగాల్లో సంపన్నుల తోటలు ఎండ బాగా తగిలే కొండవాలుల్లో ఉంటే, ఎవరికీ అక్కర్లేని పల్లపు నేలల్లో పేద రైతులు దీన్ని వేసుకునేవారు. దాన్ని నాటకూడదని పలుచోట్ల ఆంక్షలు పెట్టారు. ఇవాళ ఫ్రాన్స్‌లో దీని తోట చూడాలంటే వెతుక్కోవాలి.

2010లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఇంకో మెలిక విప్పారు. ఆకు కణాల్లో ఉండే క్లోరోప్లాస్ట్‌కు సొంత డీఎన్‌ఏ ఉంటుంది. ద్రాక్షలో అది తల్లి నుంచే వస్తుంది. దాన్నిబట్టి చూస్తే షార్డొనే, గమే, అలిగొటే సహా ఆ సంతానంలో తొమ్మిదింటికి తల్లి గువే, తండ్రి పినో. మిగతావాటిలో పినోదే తల్లి స్థానం. పొలాల గట్ల మీద ఎవరి ఫర్మానాలూ పనిచేయలేదన్నమాట. గాలికి పుప్పొడి లేచింది, గింజ కట్టింది, ఏ పిట్టో ఆ పండు తిని గింజను ఇంకెక్కడో విడిచింది. ఆ మొలకను ఎవరో పీకేయకుండా వదిలారు.

ఇంత దూరపు చుట్టరికం ఉన్న రెండు మొక్కలు కలిస్తే పిల్లలు బలంగా పుడతాయి. పినో తన పుప్పొడి తనకే తగిలి కన్న బిడ్డలు మాత్రం చాలావరకు నీరసంగా ఉండి నిలబడవు. బర్గండీకి ఇన్ని మంచి రకాలు రావడానికి అసలు కారణం, పక్కనే గువే ఉండటం. గువే ఒక్క పినోతోనే ఆగలేదు కూడా. మధ్య ఐరోపా అంతా తిరిగి 80 దాకా రకాలకు జన్మనిచ్చింది. జర్మన్ల రీస్లింగ్‌కూ, ఆస్ట్రియా వాళ్లు ఎర్ర వైన్ చేసుకునే బ్లౌఫ్రాంకిష్‌కూ ఒకవైపు రక్తం గువేదే. వైన్ వ్యాపారంలో కొన్ని రకాలను 'కులీన ద్రాక్షలు' అంటూ విడిగా కూర్చోబెట్టే అలవాటు ఉంది. ఈ వంశవృక్షం చూశాక ఆ మాట సీసా మీద ధర పెంచడానికి తప్ప దేనికీ పనికిరాదనిపిస్తుంది.

గింజ నుంచి గింజకు

ఈ చుట్టరికాల లెక్క అర్థం కావాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బంగినపల్లి టెంక పాతిపెడితే బంగినపల్లి కాయదు. అంటు కట్టాల్సిందే. ద్రాక్షా అంతే. పినో గింజ నాటితే వచ్చేది పినో కాదు, దాని బిడ్డ. రుచి వేరు, ఆకు వేరు, ఒక్కోసారి రంగే వేరు. అందుకే రైతు ఎప్పుడూ కొమ్మే నాటుతాడు. ఇవాళ ప్రపంచంలో ఉన్న మెర్లో తీగలన్నీ ఎప్పుడో ఒకనాడు ఒకే ఒక్క గింజ నుంచి మొలిచిన ఒక మొక్క ముక్కలే. ప్రతి రకానికీ ఒక పుట్టుక ఉంది. ఆ పుట్టుక చాలావరకు ఎవరూ చూడనిది.

ఇలా కొమ్మల మీదే ఎంతకాలం నెట్టుకురావచ్చు? 2019లో వచ్చిన ఒక పరిశోధన దీనికి జవాబు చెప్పింది. ఫ్రాన్స్‌లోని పురావస్తు తవ్వకాల్లో దొరికిన 28 ద్రాక్ష గింజల డీఎన్‌ఏ చదివితే, ఓర్లియాన్ నగరంలో దొరికిన ఒక మధ్యయుగపు గింజ ఇవాళ్టి సవాన్యాన్ బ్లాంతో అణుమాత్రం తేడా లేకుండా సరిపోయింది. అంటే దాదాపు 900 ఏళ్లుగా ఒకే మొక్క, మధ్యలో గింజ ఊసే లేకుండా, చేతులు మారుతూ వస్తోంది. ఈ సవాన్యాన్‌కూ పినోకూ తల్లీబిడ్డల సంబంధం ఉంది. ఎవరు ఎవరికి బిడ్డ అన్నది వేరే పంచాయితీ.

కొమ్మతో పెంచినా చిన్న చిన్న మార్పులు జరగకుండా ఉండవు. తీగలో ఒక మొగ్గ దగ్గర జన్యువు కాస్త మారితే, ఆ మొగ్గ నుంచి వచ్చిన కొమ్మంతా వేరే రంగు పండ్లు కాస్తుంది. పినో గ్రీ, పినో బ్లాం అలా వచ్చినవే. అవి పినో నువార్ పిల్లలు కావు, అదే మొక్క వేరే రంగులో. ఇది మనకు కొత్త కాదు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ పందిళ్ల నిండా కాసిన అనాబ్-ఎ-షాహీ తీగలోనుంచే దిల్‌ఖుష్ ఇలా విడిపోయింది. బజార్లో సీడ్‌లెస్ పేరుతో అమ్ముడయ్యే తాస్-ఎ-గణేశ్ కూడా థాంప్సన్ తీగలోంచి ఏరుకున్నదే. అవి తినే ద్రాక్షలు, ఇవి వైన్ ద్రాక్షలు. తీగ నడక ఒకటే.

రంగు సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. అడవి ద్రాక్ష సహజంగా నల్లది. తొక్కలో రంగు పుట్టించే జన్యువులో ఎక్కడినుంచో ఒక డీఎన్‌ఏ ముక్క వచ్చి ఇరుక్కుంటే ఆ జన్యువు పనిచేయడం మానేస్తుంది. తల్లి నుంచి వచ్చిందీ తండ్రి నుంచి వచ్చిందీ రెండూ చెడితేనే పండు తెల్లబడుతుంది. ఒకటి బాగున్నా నల్లగానే కాస్తుంది. కాబట్టి నల్ల ద్రాక్షకు తెల్ల తల్లి ఉండటంలో వింతేమీ లేదు. ఈ ముక్క తెలియక జనం ఎంత ఆశ్చర్యపోయారో కాబర్నే సోవిన్యాన్ విషయంలో చూడొచ్చు.

బోర్డో ఇంటి గుట్టు

ఎర్ర వైన్లలో కాబర్నే సోవిన్యాన్‌ది అగ్రాసనం. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2017 నివేదిక ప్రకారం ప్రపంచంలో 3.4 లక్షల హెక్టార్లలో ఉంది. వైన్ ద్రాక్షల్లో ఇంతకు మించి సాగయ్యేది ఇంకొకటి లేదు. ఇంత పెద్దదానికి పుట్టుపూర్వోత్తరాలు కూడా అంతే ఘనంగా ఉండాలని జనం అనుకోవడం సహజం. రోమన్ రచయిత ప్లినీ ప్రస్తావించిన ప్రాచీన ద్రాక్ష ఇదేనని ఒకప్పుడు గట్టిగా వాదించారు. నిజానికి రాతకోతల్లో దీని జాడ 18వ శతాబ్దానికి ముందు దొరకదు.

1990ల మధ్యలో డేవిస్‌లో కరోల్ మెరిడిత్ అనే ఆచార్యురాలు, జాన్ బవర్స్ అనే పరిశోధక విద్యార్థి ఒక పని పెట్టుకున్నారు. వాళ్లు ఎవరి తల్లిదండ్రుల్నీ వెతకడం లేదు. ఏ తీగ ఏ రకమో తప్పు లేకుండా గుర్తుపట్టడానికి ఒక పట్టిక తయారు చేస్తున్నారు, అంతే. డీఎన్‌ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాల జట్టు మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది రకాన్ని బట్టి మారుతుంది. ఒక్కో చోట ప్రతి మొక్కకూ రెండు సంఖ్యలు ఉంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. పట్టికలో అంకెలు సరిచూస్తుంటే బవర్స్ కంట ఒకటి పడింది. చూసిన ప్రతి చోటా కాబర్నే సోవిన్యాన్ రెండు సంఖ్యల్లో ఒకటి కాబర్నే ఫ్రాంతో కలుస్తోంది, రెండోది సోవిన్యాన్ బ్లాంతో కలుస్తోంది. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. 1997లో ఆ సంగతి అచ్చయింది. రెండు పేర్లూ బిడ్డ పేరులోనే కనిపిస్తున్నా అన్నేళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. ఈ ద్రాక్షకు పేరుపడ్డ ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో పెద్దవాళ్లు కొందరు నొచ్చుకున్నారు కూడా. అంతటి ఎర్ర ద్రాక్షకు తెల్ల ద్రాక్ష కన్నది కావడమేమిటని.

తర్వాత తేలిందేమిటంటే, బోర్డో ఇంటికి అసలు పెద్ద కాబర్నే ఫ్రాం. కాబర్నే సోవిన్యాన్, మెర్లో, కార్మెనేర్.. మూడూ దాని సంతానమే. దాని మూలాలేమో పిరనీస్ కొండల దగ్గర బాస్క్ ప్రాంతం వైపు చూపిస్తున్నాయి.

మెర్లోకు తండ్రి దొరికాడు, తల్లి దొరకలేదు. ప్రపంచంలో రెండో స్థానంలో ఉన్న ఎర్ర వైన్ ద్రాక్ష ఇది. ఫ్రాన్స్‌లో మధ్యధరా తీరాన వాసల్ అనే చోట ఇసుక నేలలో వేల ద్రాక్ష రకాలను బతికించి ఉంచే ఒక పెద్ద భాండాగారం ఉంది. అందులోనూ లేదు. చివరికి వాయవ్యాన బ్రిటనీలో, వైన్‌కు పేరే లేని ప్రాంతంలో, సాన్ సూలియాక్ అనే ఊరి దగ్గర కొండవాలులో వదిలేసిన తీగ ఒకటి 1990ల్లో కంటపడింది. పేరు తెలియదు. ఏ పుస్తకంలోనూ లేదు. తీరా చూస్తే మెర్లో తల్లి అదే. తర్వాత బోర్డోకు ఉత్తరాన ఉన్న షారాంత్ ప్రాంతంలో నాలుగు ఊళ్లలో ఇళ్ల గోడల మీద పాకిన తీగలు నాలుగు దొరికాయి. అక్కడి ముసలివాళ్లకు దీనికో పేరుంది, మడ్లేన్ ద్రాక్ష. జులై 22న వచ్చే సెయింట్ మడ్లేన్ పండగ నాటికే పండిపోతుందని. దాన్నిబట్టే శాస్త్రవేత్తలు దానికి మడ్లేన్ నువార్ దె షారాంత్ అని నామకరణం చేశారు. 2009లో లోకానికి చెప్పారు.

ఇంటి ముందు నీడకు పాకించుకున్న తీగ. పిల్లలు తెంపుకు తినే పండు. కొడుకు పెట్రూస్ వంటి పేరున్న వైన్ సీసాల్లో కళ్లు తిరిగే ధర పలుకుతుంటే తల్లికి రికార్డుల్లో పేరు కూడా లేదు. పైగా ఆమెకు ఇంకో సంతానం కూడా ఉందని అదే పరిశోధనలో తేలింది. అర్జెంటీనాను వైన్ పటంలో నిలబెట్టిన మాల్బెక్. దాని తండ్రి ప్రూనెలార్ అనే నైరుతి ఫ్రాన్స్ రకం. అంటే మెర్లో, మాల్బెక్‌లు ఒకే కడుపున పుట్టి, తండ్రులు వేరైన తోబుట్టువులు. మెర్లో కాబర్నే కంటే ముందే ఎందుకు పండుతుందన్న పాత ప్రశ్నకు కూడా తల్లి దగ్గరే జవాబు దొరికింది.

కార్మెనేర్ కథ ఇంకో తీరు. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పేనుపురుగు వేళ్లు కొరికి ఫ్రాన్స్ తోటల్ని తుడిచిపెట్టింది. అమెరికా వేళ్ల మీద ఫ్రెంచి కొమ్మలు అంటుకట్టి మళ్లీ తోటలు లేపారు గానీ, పూత సరిగా నిలవని కార్మెనేర్‌ను మళ్లీ నాటాలని ఎవరికీ అనిపించలేదు. బోర్డోలో అది దాదాపు కనుమరుగైంది. అంతకుముందే చిలీ వెళ్లిన తీగల్లో ఇదీ ఉంది. అక్కడ మెర్లోలో కలిసిపోయి, మెర్లో పేరుతోనే శతాబ్దానికి పైగా బతికింది. ఆకులు కొంచెం తేడా, కాయ ఆలస్యంగా పండుతుంది, సరేలే చిలీ మెర్లో ఇంతే అనుకున్నారు. 1994 నవంబర్ 24న మాంపెలియే నుంచి వచ్చిన జాన్ మిషెల్ బుర్సికో అనే ద్రాక్ష శాస్త్రవేత్త మైపో లోయలో తోట చూస్తూ పూల గుత్తి దగ్గర ఆగాడు. కేసరాలు మెలితిరిగి ఉన్నాయి. మెర్లోకు అలా ఉండవు. ఇది కార్మెనేర్ అని అక్కడే తేల్చాడు. డీఎన్‌ఏ పరీక్షలేవీ లేకుండా, కళ్లతోనే. ప్రయోగశాల లెక్కల కాలంలో కూడా ఆకునూ పువ్వునూ చదవగలిగిన మనిషికి ఉన్న విలువ ఇక్కడ కనిపిస్తుంది. చిలీ ఇప్పుడు ఏటా ఆ తేదీని కార్మెనేర్ దినంగా జరుపుకుంటోంది. పోగొట్టుకున్న సొమ్ము దొరికినందుకో, ఇన్నాళ్లూ వేరే పేరుతో అమ్మినందుకో తెలియదు.

షిరాజ్ నుంచి రాలేదు

మన నాసిక్ సీసాల మీద కనిపించే పేరు షిరాజ్. ఫ్రాన్స్‌లో దీన్నే సిరా అంటారు. ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి, గస్పార్ ద స్టెరింబెర్గ్ అనే యోధుడు క్రూసేడు యుద్ధాల నుంచి తిరిగొస్తూ ఈ తీగను రోన్ నది ఒడ్డున ఎర్మితాజ్ కొండకు తెచ్చాడని ఒక కథ. కాదు, సిసిలీలోని సిరక్యూస్ నుంచి రోమన్లు తెచ్చారని ఇంకో కథ. రెండూ వినడానికి బాగుంటాయి. 1998లో మెరిడిత్ బృందం, మాంపెలియే వాళ్లు దాని తల్లిదండ్రుల్ని పట్టుకున్నారు. ఆర్దెష్ జిల్లాకు చెందిన ద్యురెజా అనే నల్ల రకం, సవోయ్ కొండలకు చెందిన మోందెజ్ బ్లాం అనే తెల్ల రకం. రెండూ రోన్ లోయ చుట్టుపక్కలవే. రెండూ కొద్దిపాటి తోటల్లో మిగిలినవే. సముద్రాలు దాటి రావాల్సిన పని సిరాకు లేదు. అది పుట్టిందే అక్కడ. ఇందులో ద్యురెజాకూ పినోకూ దగ్గరి బంధుత్వం ఉందని తర్వాత తేలింది. బర్గండీ వాళ్లూ రోన్ వాళ్లూ తరతరాలుగా మా వైన్ గొప్పంటే మా వైన్ గొప్పని పోట్లాడుకున్నది దాయాదుల తగవేనన్నమాట.

కాలిఫోర్నియాది వేరే గోల. జిన్‌ఫాండెల్ తమ సొంత ద్రాక్ష అని అక్కడివాళ్ల గర్వం. 1967లో ఆస్టిన్ గోహీన్ అనే అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త దక్షిణ ఇటలీలోని పూలియాలో ప్రిమితీవో అనే వైన్ తాగి, తోటకు వెళ్లి తీగలు చూసి, ఇది మన జిన్‌ఫాండెలే కదా అన్నాడు. డీఎన్‌ఏ ఆ మాట నిజమేనంది. అయితే ఇటలీకి ఎక్కడి నుంచి వచ్చింది? ఏడ్రియాటిక్ సముద్రానికి అవతలి ఒడ్డు క్రొయేషియా నుంచి వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడిన వైన్ తయారీదారు మైక్ గ్రిగిచ్, తమ ఊళ్లో కాసే ప్లావాట్స్ మాలీయే జిన్‌ఫాండెల్ అని పట్టుబట్టాడు. 1998లో మెరిడిత్ అక్కడికి వెళ్లింది. జాగ్రెబ్ విశ్వవిద్యాలయం నుంచి ఇవాన్ పేయిచ్, ఎడీ మాలెటిచ్ తోడయ్యారు. ప్లావాట్స్ మాలీ జిన్‌ఫాండెల్ కాదని తేలింది. కానీ దాని బిడ్డ. బిడ్డ ఇక్కడుంటే కన్నది కూడా ఇక్కడే ఎక్కడో ఉండాలని ఆ ఇద్దరూ తీరం వెంట వెతుకుతూనే ఉన్నారు. 2001లో స్ప్లిట్ నగరం దగ్గర కాష్టెల్ నోవీలో ఒక పాత తోటలో, మిగతా రకాల మధ్య కలిసిపోయిన కొద్ది తీగలు దొరికాయి. ఊరివాళ్లు దాన్ని త్సర్ల్యెనాక్ అంటారు. జిన్‌ఫాండెల్ అదే. ఆ తర్వాత స్ప్లిట్‌లో దాచి ఉంచిన దశాబ్దాల నాటి ఎండుటాకు నమూనాతో పోల్చితే దాని అసలు పాత పేరు త్రిబిద్రాగ్ అని బయటపడింది. ఆ పేరు 15వ శతాబ్దపు కాగితాల్లోనే ఉంది.

అమెరికాలో వేల ఎకరాలు ఏలుతున్న ద్రాక్ష పుట్టింట్లో గుప్పెడు తీగలకు పడిపోయింది. కాలిఫోర్నియా పుణ్యమా అని క్రొయేషియాలో ఇప్పుడు మళ్లీ నాటుతున్నారు.

కొత్త పెళ్లిళ్లు

యాదృచ్ఛికంగా కలిసినవి ఒక ఎత్తయితే, మనుషులు పని గట్టుకుని కలిపినవి ఇంకొక ఎత్తు. 1925లో దక్షిణాఫ్రికాలోని స్టెల్లెన్‌బాష్‌లో అబ్రహాం పెరోల్డ్ పినో నువార్‌నూ సాన్సోనూ కలిపి పినోటాజ్ పుట్టించాడు. 1961లో ఫ్రాన్స్‌లో కాబర్నే సోవిన్యాన్, గ్రెనాష్ కలిపి మార్సెలాన్ చేశారు. కాయ చిన్నదని దాన్ని మొదట పక్కన పడేశారు. ఇవాళ చైనా తోటల్లో దానికి మంచి పేరుంది. మనుషులు కలిపినప్పుడైనా లెక్క సరిగ్గా ఉంటుందా అంటే అదీ లేదు. బోర్డో పరిశోధనా కేంద్రంలో 1956లో తయారుచేసిన అరినార్నోవా అనే రకం మెర్లో, పెతి వెర్దోల బిడ్డ అని రికార్డుల్లో రాసుకున్నారు. డీఎన్‌ఏ చూస్తే తనా, కాబర్నే సోవిన్యాన్‌ల బిడ్డ.

ఈ అరినార్నోవా గురించి ఇప్పుడు చెప్పుకోవడానికి కారణం ఉంది. వేసవులు ముదిరి బోర్డోలో మెర్లో ముందుగానే పండిపోతోంది. చక్కెర పెరిగి ఆల్కహాల్ శాతం ఎక్కువవుతోంది, పులుపు తగ్గిపోతోంది. తల్లి నుంచి వచ్చిన త్వరగా పండే గుణమే ఇవాళ దానికి చిక్కు తెచ్చిపెట్టింది. శతాబ్దాలుగా ఒకే మొక్కను కొమ్మలతో నడుపుతూ వస్తే వాతావరణం మారినప్పుడు ఆ మొక్కకు మారే దారి ఉండదు. కొత్త గింజ మొలవాలి, లేదంటే పక్క ఊరి తీగను రానివ్వాలి. పక్క ఊరి తీగను రానివ్వకపోవడమే బోర్డో గొప్పతనం అని ఇన్నాళ్లూ చెప్పుకున్నారు. 2021లో ఆ తలుపు కాస్త తీశారు. ఎర్ర వైన్ కోసం నాలుగు రకాలకు అనుమతి వచ్చింది. అరినార్నోవా, మార్సెలాన్, పోర్చుగల్ వాళ్ల టూరిగా నాసియోనాల్, ఎప్పుడో మరిచిపోయిన కస్తెస్ అనే పాత ఫ్రెంచి రకం. తెల్ల వైన్ కోసం మరో రెండు. తోటలో 5 శాతానికి మించి నాటకూడదు, వైన్‌లో 10 శాతానికి మించి కలపకూడదు. సీసా మీద వాటి పేరు వేయకూడదు.